రాత్రి బోర్డుకు ఎంత వెలుగు కావాలి?

మన తిరుపతిలో రాత్రి అంటే విశ్రాంతి వేళ కాదు. సుప్రభాత సేవ కోసం తెల్లవారుజామునే కొండమీద క్యూలో నిలబడేవాళ్ళు, అర్ధరాత్రి రైలు దిగి సత్రం వెతుక్కునేవాళ్ళు, దర్శనం టోకెను చేతపట్టుకుని తమ వంతు ఎప్పుడొస్తుందా అని తలెత్తి చూసేవాళ్ళు, బస్టాండులో తమ ఊరి బస్సు ఏదో తేల్చుకోలేక అటూ ఇటూ పరుగెత్తేవాళ్ళు, వీళ్ళందరికీ కావలసిన కబురు ఇవాళ చాలావరకు ఎల్‌ఈడీ బోర్డు మీదే ఉంటోంది. అలిపిరి దగ్గర, లీలామహల్ సర్కిల్లో, చిత్తూరు గాంధీ విగ్రహం దగ్గర, కాణిపాకం దారిలో, ఎక్కడ చూసినా వెలిగే అక్షరాలే. ఇలాంటి బోర్డు కొనేటప్పుడు దుకాణదారైనా, మునిసిపాలిటీ అయినా, దేవస్థానమైనా మొదట అడిగేది దాని వెలుగు ఎంత అనే. పగటికి ఆ ప్రశ్న సరిపోతుంది. రాత్రికి అడగవలసింది వేరు. ఆ వెలుగు ఎంత కిందికి దిగుతుంది, దిగినప్పుడు ఎంత నాజూకుగా దిగుతుంది అని అడగాలి. బోర్డు నాణ్యత తేలేది అక్కడే అని నా వాదన. దానికి ఆధారాలేమిటో, దానిమీద రాగల అభ్యంతరాలేమిటో ఈ కాసేపట్లో మీ ముందు పెడతాను.

ముందు లెక్క చూద్దాం. తెరల వెలుగును నిట్లలో కొలుస్తారు. చదరపు మీటరు తెర ఒక క్యాండెలా కాంతినిస్తే అది ఒక నిట్. మిట్టమధ్యాహ్నం మన ఎండ నేలమీద సుమారు లక్ష లక్సులు ఉంటుంది. ఆ ఎండలో పరిచిన తెల్లకాగితం మన కంటికి దాదాపు 25,000 నిట్ల వెలుగుతో కనిపిస్తుంది. ఆరుబయట పెట్టే ఎల్‌ఈడీ తెరల వెలుగు మామూలుగా 5,000 నిట్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే పగలు ఆ తెర ఎండలో ఉన్న కాగితంలో ఐదో వంతే. అందుకే పగటిపూట ఎంత వెలుగున్నా చాలదనిపిస్తుంది, అది న్యాయమే. ఇప్పుడు అదే కాగితాన్ని రాత్రి వీధిదీపం కింద పెట్టండి. అక్కడ పడే కాంతి 20 లక్సులనుకుంటే, కాగితం వెలుగు 5 నిట్లకు పడిపోతుంది. పగటి 5,000 నిట్ల మీదే బోర్డును వదిలేస్తే, దాని పక్కనున్న కాగితం కన్నా అది వెయ్యి రెట్లు మెరుస్తుంది. పదో వంతుకు తగ్గించినా ఇంకా వంద రెట్లు. వీధిలో నిలబడి హాయిగా చదవడానికి కాగితం కన్నా ఇరవై రెట్లు, అంటే 100 నిట్లు ధారాళంగా సరిపోతుంది. 5,000లో 100 అంటే నూటికి రెండు. రాత్రి బోర్డు పని చేయవలసిన చోటు ఆ రెండు శాతం దగ్గర. మిగిలిన తొంభై ఎనిమిది శాతం గురించే మనం ధర మాట్లాడుతున్నాం, డబ్బు కడుతున్నాం.

అయితే సాయంత్రం ఆరింటికి వెలుగును సగం చేస్తే సరిపోదా అని చాలామంది అంటారు. కొన్ని బోర్డులకు అలాంటి టైమరు ఉంటుంది కూడా. ఇక్కడ కంటి స్వభావం అడ్డొస్తుంది. జర్మనీకి చెందిన ఫెక్నర్ 1860లోనే తన గ్రంథంలో చెప్పిన సంగతి ఇది: కాంతి ఎంత పెరిగిందన్నది కాదు, ఉన్నదానితో పోలిస్తే ఎన్నో వంతు పెరిగిందన్నదే మన ఇంద్రియాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ 1976లో ఖాయం చేసిన సూత్రం ప్రకారం లెక్క కడితే, తెర కాంతిని సరిగ్గా సగానికి తగ్గించినప్పుడు కంటికి అది నూటికి 76 వంతుల వెలుగులా తోస్తుంది. కంటికి సగం అనిపించాలంటే అసలు కాంతిని 18 శాతానికి దించాలి. అందుచేత సగానికి తగ్గించామనుకున్న బోర్డు దారిన పోయేవాడికి పెద్దగా తగ్గినట్టే ఉండదు. పైగా చీకటికి అలవాటు పడడానికి కంటికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది, ఆ అలవాటు చెదరడానికి కొన్ని క్షణాలు చాలు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు నడిపే డ్రైవరుకు, అలిపిరి కాలిబాటలో మెట్టు చూసుకుంటూ ఎక్కే ముసలావిడకు ఈ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం మసకబారుతుంది. శుక్లాలు మొదలైన కంట్లో తీవ్రమైన వెలుగు చెదిరిపోయి చూపు మొత్తానికి తెల్లటి పొర కప్పుతుంది. యాత్రికుల్లో అరవై దాటినవాళ్ళు ఎందరో మనకు తెలుసు కదా.

ఇక బోర్డు లోపలికి వెళదాం. ఎల్‌ఈడీ బల్బును మసకగా వెలిగించడానికి ఎక్కువగా వాడే పద్ధతి, దాన్ని చాలా వేగంగా ఆర్పుతూ వెలిగించడం. వెలిగి ఉండే సమయం ఎక్కువైతే కాంతి ఎక్కువ, ఆరి ఉండే సమయం ఎక్కువైతే కాంతి తక్కువ. కంటికి ఆ ఆరడం, వెలగడం విడివిడిగా కనిపించవు, సగటు మాత్రమే కనిపిస్తుంది. ఇంజనీర్లు దీన్ని పల్స్ వెడల్పు పద్ధతి అంటారు. మామూలు చవక బోర్డుల్లో ఈ వెడల్పును 8 బిట్లతో నడిపిస్తారు, అంటే సున్నాతో కలిపి 256 మెట్లు. వినడానికి చాలానే ఉన్నాయనిపిస్తుంది. కానీ రాత్రికి కావలసింది రెండు శాతం కదా. 255లో రెండు శాతం ఐదు. అంటే రాత్రంతా ఆ బోర్డు చేతిలో ఉన్నవి ఐదు మెట్లు. ఆ ఐదు కూడా సమానమైనవి కావు. నూరో మెట్టు నుంచి నూటొకటో మెట్టుకు వెళితే కాంతి ఒక్క శాతం పెరుగుతుంది, కన్ను దాన్ని పట్టుకోలేదు. ఒకటో మెట్టు నుంచి రెండో మెట్టుకు వెళితే కాంతి రెట్టింపవుతుంది. రెండు నుంచి మూడుకు వెళితే సగం పెరుగుతుంది. అలిపిరి నుంచి కొండమీదికున్న 3,550 మెట్లలో మొదటి మెట్టు మనిషెత్తు, రెండోది నడుమెత్తు ఉండి, పైకి పోయేకొద్దీ కాగితం మందాన ఉన్నాయనుకోండి. ఎక్కేవాడు మొదట్లోనే ఆగిపోతాడు, చివర ఉన్న వేల మెట్లు వాడికి అక్కరకు రావు. ఈ బోర్డుల లోపలి అమరిక సరిగ్గా అలాగే ఉంది.

అక్షరాల బోర్డుకు ఇది కొంత ఇబ్బంది, బొమ్మలు చూపే తెరకు పెద్ద ఇబ్బంది. టీవీలో వచ్చే బొమ్మ సంకేతాలు కంటి స్వభావానికి తగ్గట్టు ముందే వంచి ఉంటాయి. వాటిని తెరమీద మళ్ళీ అసలు కాంతిగా మార్చేటప్పుడు 2.2 ఘాతంతో లెక్కగట్టాలి. 8 బిట్ల బోర్డు మీద ఈ లెక్క చేస్తే, నిండు వెలుగులో కూడా మొదటి 15 స్థాయిలు సున్నాకు చేరి నల్లగా పడిపోతాయి. అదే తెరను పదో వంతు వెలుగుకు దించితే సున్నా నుంచి 42 దాకా ఉన్న స్థాయిలన్నీ ఒకే నలుపు. నీడలో ఉన్నదంతా మాయమవుతుంది. రంగులకు ఇంకో ఇక్కట్టు ఉంది. ముదురు కాషాయంలో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ కొంత, నీలం బహు కొద్ది. వెలుగు తగ్గించే కొద్దీ ఆ కొద్దిపాటి నీలం ముందు సున్నా అవుతుంది, తరువాత ఆకుపచ్చ ఒక్కసారిగా ఒక మెట్టు జారుతుంది, కాషాయం ఎరుపుకు తిరుగుతుంది. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవను తలుచుకోండి. మాడవీధుల గ్యాలరీల్లో చోటు దొరకని వేలమంది పెద్ద తెరల ముందు కూర్చుని స్వామిని చూస్తారు. మలయప్పస్వామికి ఆ రోజు మూలవిరాట్టు నగలైన లక్ష్మీహారం, మకరకంఠి, సహస్రనామ మాల అలంకరిస్తారు. దివిటీల వెలుగు, నల్లని ఆకాశం, పట్టుగొడుగుల నీడ, బంగారం మీద జారే సన్నటి మెరుపు, ఈ దృశ్యంలో ఉన్న సొగసంతా చీకటి వైపు స్థాయిల్లోనే ఉంది. నిండు వెలుగున్న తెర కింది స్థాయిల్ని మింగేస్తే ఆ నగల మీద పనితనం పోయి పసుపు ముద్ద మిగులుతుంది. ఏ ఒక్క తెరనో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి రాత్రికి ఎలాంటి తెర తగినదో చెబుతున్నాను.

దీనికి మందేమిటి? మొదట తట్టేది మెట్ల సంఖ్య పెంచడం. 8 బిట్లకు బదులు 16 బిట్లు పెడితే 65,536 మెట్లు వస్తాయి. అప్పుడు రెండు శాతం అంటే వెయ్యీ మూడు వందల పైచిలుకు మెట్లు. గొప్పగా ఉంది, కానీ ఊరికే రాదు. మెట్లు లెక్కపెట్టడానికి సమయం కావాలి. సెకనుకు రెండు కోట్ల టిక్కులు కొట్టే గడియారంతో 65,536 టిక్కులు లెక్కపెట్టడానికి మూడు మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. ఖర్చు తగ్గించడానికి చాలా బోర్డుల్లో బల్బులను నడిపే ఒకే డ్రైవరు చిప్పుతో పదహారు వరసల్ని వంతులవారీగా వెలిగిస్తారు. పదహారు వరసలూ పూర్తయ్యేసరికి యాభై మిల్లీసెకన్లు దాటిపోతుంది, అంటే సెకనుకు పందొమ్మిది సార్లు. అది పచ్చిగా మినుకుమినుకుమంటుంది, తల నొప్పి పుట్టిస్తుంది. దీపాల విషయంలో ఐఈఈఈ సంస్థ 2015లో ఇచ్చిన 1789 నంబరు సిఫారసు ప్రకారం, పూర్తిగా ఆరి వెలిగే దీపం సెకనుకు 1,250 సార్లకు మించి వెలిగితేనే హాని తక్కువ. ఈ చిక్కును విప్పడానికి ఇంజనీర్లు చేసిన ఉపాయం ముచ్చటైనది. ఒక పొడవాటి పల్సును ఒకే ముక్కగా ఇవ్వకుండా చిన్న చిన్న ముక్కలుగా కోసి సమయమంతా వెదజల్లుతారు. మొత్తం వెలిగిన సమయం మారదు, కానీ మినుకుమినుకు ఎన్నో రెట్లు వేగం పుంజుకుని కంటికి అందకుండా పోతుంది. మంచి డ్రైవరు చిప్పుల్లో ఇవాళ ఈ పద్ధతి ఉంది.

అయినా అట్టడుగు మెట్ల దగ్గర భౌతికశాస్త్రం తన మాట తాను చెబుతుంది. అక్కడ ఒక్కో పల్సు నిడివి యాభై నానోసెకన్లు. అంత తక్కువ సమయంలో చిప్పు తెరుచుకుని, బోర్డులోని రాగి గీతలు విద్యుదావేశంతో నిండి, బల్బు వెలిగి ఆరాలి. వచ్చిన కరెంటులో కొంత ఆ గీతలను నింపడానికే సరిపోతుంది. ఎరుపు ఎల్‌ఈడీ రెండు వోల్టుల దగ్గర వెలిగితే, ఆకుపచ్చ, నీలం వెలగడానికి మూడు వోల్టులు కావాలి. కాబట్టి అతి చిన్న పల్సులో ఎరుపు ముందు వెలుగుతుంది, మిగతా రెండూ వెనకబడతాయి. రాత్రిపూట కొన్ని తెరల్లో బూడిద రంగు గులాబీ ఛాయలోకి పోవడానికి ఇదొక కారణం. వరసలు మారేటప్పుడు పాత వరస ఆవేశం మిగిలిపోయి పక్క వరసలో నీడలా వెలగడం, ప్రతి విడతలో మొదటి వరస మిగతావాటికన్నా మసకగా ఉండడం, ఇవన్నీ ఈ అడుగు మెట్లలో పుట్టే రోగాలే. గీతల్ని ముందే నింపి పెట్టడం, వరస మారే ముందు మిగిలిన ఆవేశాన్ని ఖాళీ చేయడం వీటికి చికిత్స. కాగితం మీద 16 బిట్లు అని రాసి ఉన్నా, ఈ చికిత్సలు లేని బోర్డులో అడుగున ఉన్న మెట్లు అంకెలు మాత్రమే, వెలుగు కాదు. అందుకే బిట్ల సంఖ్య చూసి మురిసిపోవడం నాకు సమ్మతం కాదు.

రెండో మందు, నా లెక్కలో ఎక్కువ ఫలితమిచ్చేది, అసలు కరెంటునే తగ్గించడం. పగలు బల్బుకు ఇచ్చే కరెంటులో రాత్రి పదో వంతే ఇస్తే బోర్డు నిండు వెలుగే 500 నిట్లకు దిగుతుంది. అప్పుడు 100 నిట్లు కావాలంటే 8 బిట్ల బోర్డులో కూడా ఐదుకు బదులు యాభై ఒక్క మెట్లు దొరుకుతాయి. పల్సులు పొడవుగా ఉంటాయి కాబట్టి నానోసెకన్ల గొడవ కూడా చాలావరకు తప్పుతుంది. దీనికీ ఒక హద్దు ఉంది. ఆకుపచ్చ ఎల్‌ఈడీ కరెంటు తగ్గితే కొంచెం పసుపు వైపు జరుగుతుంది. మరీ తగ్గిస్తే పక్కపక్క బల్బుల మధ్య తేడాలు బయటపడి తెర మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కాబట్టి పగలు, సంధ్య, రాత్రి అని రెండు మూడు అంచెల్లో కరెంటును మార్చి, ఒక్కో అంచెకు రంగుల సవరణ పట్టిక విడిగా పెట్టుకుని, అంచెల మధ్య నాజూకు పనిని పల్సులకు అప్పగించాలి. ఇంకా తక్కువ స్థాయిలు కావలసి వస్తే వరస ఫ్రేముల్లో ఒకటో మెట్టును, సున్నాను కలగలిపి సగటు తీయవచ్చు. కానీ ఫ్రేములు నెమ్మదిగా మారే బోర్డులో ఈ కిటుకు పారదు, మినుకుమినుకు మళ్ళీ తయారవుతుంది.

వెలుగును తనంతట తాను సరిచూసుకునే సెన్సరు పెడితే సరి అని కొందరంటారు. సెన్సరు కావలసిందే. కానీ సెన్సరు చెప్పేది బయట ఎంత చీకటో మాత్రమే. అంత చీకటికి తగినట్టు దిగే శక్తి బోర్డుకు లేకపోతే ఆ కబురు ఎందుకు? పైగా దాన్ని ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. బోర్డు వెలుగే సెన్సరు మీద పడితే బోర్డు తనను చూసి తానే పగలనుకుంటుంది. ఘాట్ రోడ్డు పక్కన పెడితే మలుపు తిరిగే ప్రతి బస్సు హెడ్‌లైటుకూ అక్షరాలు ఉబ్బి తగ్గుతాయి. కొన్ని నిమిషాల సగటు తీసుకుని, నెమ్మదిగా, ప్రతి అడుగూ ఉన్న వెలుగులో ఇన్నో వంతు అన్న లెక్కన మారాలి. తిరుమలలో మరొకటి కలుస్తుంది. సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండమీదికి వానాకాలంలోనూ మార్గశిర పుష్యాల్లోనూ మబ్బు దిగి వీధిలోకి వస్తుంది. మబ్బులో వెలుగు పెంచితే బోర్డు బాగా కనబడుతుందనుకోవడం సహజం. జరిగేది వేరు. ఆ వెలుగు నీటి తుంపర మీద చెదిరి బోర్డు చుట్టూ తెల్లని తెర కడుతుంది, అక్షరానికీ నేపథ్యానికీ ఉన్న తేడా కరిగిపోతుంది. మంచులో బండికి హై బీమ్ వేయకూడదని డ్రైవర్లకు తెలిసిన సంగతే ఇది.

తెలుగు లిపికి ఈ విషయంలో ప్రత్యేకమైన పట్టింపు ఉంది. నల్లని నేపథ్యం మీద తీవ్రంగా వెలిగే గీత అసలు కన్నా లావుగా కనిపిస్తుంది. కంటిలో కాంతి చెదరడం వల్ల అలా జరుగుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు దీన్ని కొంతవరకు తట్టుకుంటాయి. మన అక్షరాల సంగతి అలా కాదు. దకూ ధకూ, పకూ ఫకూ, డకూ ఢకూ మధ్య తేడా అడుగున ఉన్న ఒక చిన్న గీత. పదహారు వరసల బోర్డు మీద ఆ గీతకు దక్కేది ఒకటి రెండు బల్బులు. వెలుగు పొంగితే ఆ గీత పై అక్షరంలో కలిసిపోతుంది. ఒత్తులు, గుడులు, కొమ్ములు కూడా అంతే. చిత్తూరు బస్సు, పుత్తూరు బస్సు రెండూ తిరుపతి నుంచే బయల్దేరతాయి. మొదటి అక్షరం తప్పితే రెండు పేర్లూ ఒకటే, ఆ మొదటి అక్షరమే మసకబారితే చీకట్లో దూరం నుంచి చూసేవాడు ఏ బస్సు అనుకోవాలి? సప్తగిరి బస్సు నుదుటి మీదున్న బోర్డయినా, ప్లాట్‌ఫారం మీద బోగీల స్థానం చూపే బోర్డయినా తెలుగు కోసం వెలుగును తగ్గించవలసిందే. వీలైతే వరసలు కూడా పెంచాలి, ఒత్తులున్న లిపికి పదహారు చాలవు. ఇరవై నాలుగో, ముప్ఫై రెండో ఉంటే అక్షరానికి ఊపిరాడుతుంది. తెలుగు బోర్డుల మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే తప్పు లిపిది అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. తప్పు లిపిది కాదు, దాన్ని చూపే పద్ధతిది.

వ్యాపారుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పక్క హోటలు బోర్డు ధగధగలాడుతుంటే మా బోర్డు మసకగా ఉంటే గిరాకీ ఎలా వస్తుందని వాళ్ళ ప్రశ్న. అది నిజమైన భయం. కానీ వీధిలో ఒకరిని చూసి ఒకరు వెలుగు పెంచుకుంటూ పోతే కంటికి అందే తేడా ఎవరికీ మిగలదు. అందరూ రెట్టింపు చేసినా పోలిక మారదు, కరెంటు బిల్లు మాత్రం మారుతుంది. ఎల్‌ఈడీ తెర తినే కరెంటు చాలావరకు వెలుగుతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. అందుచేత దీన్ని ఒక్కొక్కరి మంచితనానికి వదలకుండా వీధి మొత్తానికి ఒక హద్దు పెట్టవలసింది నగరపాలక సంస్థలు. హోర్డింగుకు కొలతలు, ఎత్తు, రుసుము నిర్ణయించే అనుమతి పత్రంలో రాత్రి వెలుగు ఇన్ని నిట్లు మించకూడదన్న మాట చేర్చడం పెద్ద పని కాదు. భద్రత పేరుతో వచ్చే అభ్యంతరం ఇంకొకటి: ప్రమాద హెచ్చరిక బోర్డులు దూరం నుంచి కనబడాలి కదా అని. కనబడాలి. అయితే రాత్రి దూరం నుంచి కనబడడానికి కావలసింది చుట్టుపక్కలతో తేడా, ఆ తేడా 100 నిట్ల దగ్గరే ఇరవై రెట్లుంది. హెచ్చరికకు దాన్ని రెండు మూడింతలు చేసినా నేను కాదనను. కానీ బోర్డు చదివి దాటిపోయిన డ్రైవరుకు ఆ తరువాతి మలుపులో రోడ్డు కనబడకపోతే ఆ హెచ్చరిక ప్రమాదానికి మేలు చేసినట్టే అవుతుంది.

మనుషుల సంగతి ఇలా ఉంటే, శేషాచలం అడవులకు రాత్రి మీద మనకన్నా ముందునుంచే హక్కుంది. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం అయిన ఈ కొండల్లో దేవాంగ పిల్లి, బంగారు బల్లి వంటి జీవాలు చీకటిపడ్డాకే బయటికి వస్తాయి. దేవాంగ పిల్లికి అంత పెద్ద కళ్ళున్నది చీకటి కోసమే. కొండ అంచున, అడవి దారిలో పెట్టే ప్రతి తెరా వాటి రాత్రిలో కొంత కోసేస్తుంది. ఆకాశం వైపు చూసినా ఇదే. మన సరిహద్దు అవతల జవ్వాది కొండల్లోని కావలూరులో 2.34 మీటర్ల వేణు బప్పు దూరదర్శిని 1986 నుంచి పనిచేస్తోంది. హైదరాబాద్ నిజామియా వేధశాల నీడలో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త బప్పు ఆ చోటును ఎన్నుకున్నది అక్కడి చీకటి చూసి. మన పాకాల దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి లైడార్ రాత్రి ఆకాశంలోకి లేజర్ వెలుగు పంపి, పై పొరల నుంచి తిరిగివచ్చే కాంతి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ఇంత చీకటి విలువ తెలిసిన శాస్త్రం మన ముంగిట్లో ఉండగా, మన వీధిబోర్డులకు ఐదు మెట్లు చాలని సరిపెట్టుకోవడం నాకు రుచించదు.

ఖర్చు గురించి అడిగేవాళ్ళకు కూడా సమాధానం ఇక్కడే దొరుకుతుంది. మంచి డ్రైవరు చిప్పుకు కొంత ఎక్కువ ధర పడుతుంది, కాదనను. కానీ ఈ పనిలో సగానికి పైగా ప్రోగ్రాములో, సర్దుబాటులో ఉంది. దానికి కావలసింది తెలివి, ఓపిక. రేణిగుంట, ఏర్పేడు పరిసరాల్లో ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయాలు వచ్చాయి. డిక్సన్ టీవీలు తయారుచేస్తోంది, వికృతమాల దగ్గర టీసీఎల్ ప్యానెళ్ళ కర్మాగారానికి 2018లో పునాది పడింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది, తిరుపతి ఐఐటీ 2015లో మొదలైంది. తెర తయారయ్యే ఊరూ, చదువుకున్న పిల్లలున్న ఊరూ, రాత్రంతా తెర చూసే జనమున్న ఊరూ ఒకటే అయిన చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? ఒక్కో అంచెకు రంగుల సవరణ పట్టిక తయారుచేయడం ఇంజనీరింగ్ విద్యార్థి చివరి ఏడాది ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోయే పని.

కొనేవాళ్ళు చేయవలసింది కూడా చిన్నదే. టెండరు పత్రంలో గరిష్ఠ వెలుగు రాసిన గడి పక్కనే ఇంకో మూడు గడులు గీయాలి. కనిష్ఠ వెలుగు ఎన్ని నిట్లు, ఆ కనిష్ఠం దగ్గర కంటికి అందే మెట్లు ఎన్ని, అక్కడ సెకనుకు ఎన్నిసార్లు ఆరి వెలుగుతుంది. ఆ తర్వాత సరుకు తీసుకునే పరీక్షను పగలు గోడౌన్లో కాకుండా, చీకటిపడ్డాక, బోర్డు పెట్టబోయే చోటనే చేయాలి. వెలుగును రెండు శాతానికి దించి, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా పాకే బూడిద రంగు పట్టీని తెరమీద వేయమనాలి. పట్టీ చారలు చారలుగా విరిగినా, గులాబీ ఛాయ పట్టినా, మొదటి వరస మసకబారినా సరుకు వెనక్కి పంపాలి. ఆ వెలుగులోనే ద, ధ పక్కపక్కన రాయించి, వాటి కింద చిత్తూరు, పుత్తూరు రాయించి, కళ్ళజోడు పెట్టుకునే ఒక పెద్దమనిషిని యాభై అడుగుల దూరాన నిలబెట్టి చదివించాలి. ఆయన తడుముకోకుండా చదివాకే బిల్లు మీద సంతకం పెట్టాలి.